స్టూలు తూటులోంచి చార్మినార్

మా మామయ్యకు ఎనభై తొమ్మిదేళ్లు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. పేపర్లో హెడ్డింగులు ఆయన చదువుకుంటారు, కింద చిన్న అక్షరాలు నేను చదివి వినిపించాలి, అదీ మా పొద్దుటి ఒప్పందం. మొన్న దీపావళికి లక్ష్మీపూజలో పెట్టిన వెండి రూపాయలు అత్తమ్మ తిరిగి సందుగలో పెట్టబోతుంటే, ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అటూ ఇటూ తడిమి, నా వైపు చాపారు. "దీని దర్వాజల ఏమున్నదో చూడమ్మా. మీమా, ఐనా?"

నాకు ఉర్దూ రాదు. ఆయనకు వచ్చు, నిజాం జమానాలో మక్తల్ దిక్కు ఊళ్లో ఐదో తరగతి దాకా ఉర్దూలోనే చదివారు, కానీ ఇప్పుడు కళ్లు ఆనవు. చదవొచ్చిన ఆయనకు కనపడదు, కనపడే నాకు చదవరాదు. సరే, ఫోటో తీసి పెద్దది చేసి చూపిస్తే అయిపోతుంది కదా, రెండు నిమిషాల పని అనుకున్నాను. ఆ రెండు నిమిషాలకు తొమ్మిది రాత్రులు పట్టింది.

ఈ దర్వాజ గొడవేంటో ముందు చెప్తాను. హైదరాబాద్ సంస్థానం రూపాయి, మన పెద్దవాళ్లు హాలీ సిక్కా అనేది, దాని మీద ఒక వైపు చార్మినార్ ఉంటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, ఈ బొమ్మతో రూపాయలు కొట్టడం మొదలైంది. ఆ చార్మినార్ నడిమి కమాను కింద ఖాళీలో ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్ వేశారు. 1911లో ఆయన పోయి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే చోటికి ఐన్ వచ్చింది, ఉస్మాన్ అన్న పేరు ఐన్‌తో మొదలవుతుంది కాబట్టి. బిళ్ల మీద మిగతాదంతా చూపుకు ఒకే తీరు, సంవత్సరం అంకెలు కాక ఆ దర్వాజలో అక్షరమే రాజును పట్టిస్తుంది. మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది కూడా ఆ మీమ్ ఆయన వల్లే. మామయ్య వాళ్ల నాయనమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన రూపాయల్లో మిగిలినవి ఇవి, మహబూబ్ పాషా కాలంవి అని మామయ్య పట్టుదల. అన్నీ ఉస్మాన్‌వే, ఈయనకు అన్నిట్లోనూ గొప్పలే అని అత్తమ్మ. ఈ పంచాయితీ నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉంది.

మొదటి రాత్రి ఫోన్‌తో తీశాను. వంటింట్లో గ్రానైట్ బండ మీద బిళ్ల పెట్టి, పైనుంచి ఫోన్ పెడితే, బిళ్ల మీద నా ఫోన్ నీడ, ఆ నీడ చుట్టూ ట్యూబులైటు తెల్లటి పట్టీ. ఫోన్ దగ్గరికి తీసుకెళ్తే మసక, దూరం జరిపితే చార్మినార్ అగ్గిపుల్ల తలకాయంత. ఫ్లాష్ వేస్తే ఇక చెప్పనక్కర్లేదు, వెండి పళ్లెంలో పిడుగు పడ్డట్టు. నలభై ఫోటోలు తీసి నలభై డిలీట్ చేశాను. మా బిడ్డ ఇంటర్ సెకండియర్, ఫిజిక్స్ రికార్డు రాసుకుంటూ అటు తిరక్కుండానే చెప్పింది. "అమ్మా, అది బిళ్ల కాదు, వంకర అద్దం అనుకో. అద్దాన్ని ఫోటో తీస్తే ఏమొస్తుంది? ఎదురుగా ఉన్నది వస్తుంది."

ఈ ఒక్క మాట ముందు బుర్రకెక్కితే మిగతాదంతా సులువు. కాగితాన్నో గుడ్డనో ఫోటో తీసేటప్పుడు దాని మీద పడ్డ వెలుగు అన్ని దిక్కులకూ చెదురుతుంది, మనం ఎక్కడ నిలబడ్డా రంగు కనిపిస్తుంది. వెండి అలా కాదు, ఏ కోణంలో వెలుగు పడిందో అదే కోణంలో అవతలికి తిప్పికొడుతుంది. బిళ్లలో చదునుగా ఉన్న చోట ఒక తీరుగా, ఉబ్బెత్తుగా ఉన్న మినార్ల అంచున ఇంకో తీరుగా కొడుతుంది. ఆ తేడాయే మనకు బొమ్మలా కనిపించేది. అంటే నేను తీయాల్సింది బిళ్లను కాదు, బిళ్ల మీద పడే వెలుగును. ఎన్ని మెగాపిక్సెళ్లన్నది ఆ తర్వాతి సంగతి.

బీరువాలో పట్టుచీరల కింద పాత కెమెరా ఉంది. బిడ్డ స్కూల్లో చేరిన ఏడు కొన్నది, చిన్న కెనాన్, 16 మెగాపిక్సెళ్లు, పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే నడుస్తుంది. ఫోన్లు వచ్చాక దాన్ని ముట్టినవాళ్లు లేరు. ఇప్పటి ఫోన్లతో నాణేలు తీయలేమని నేను అనను, చక్కగా తీసేవాళ్లున్నారు. కానీ ఈ పాతదానిలో నాకు పనికొచ్చినవి నాలుగున్నాయి. నిజంగా కదిలే జూమ్ ఉంది, నేను పెట్టిన వెలుతురు లెక్క దానంతటది మార్చుకోదు, తెల్ల కాగితం చూపించి ఇదీ తెలుపు అని నేర్పొచ్చు, రెండు సెకండ్ల టైమర్ ఉంది. బటన్ నొక్కి చెయ్యి తీసేస్తాం, కెమెరా కుదురుకున్నాక దానంతటదే తీస్తుంది. దగ్గరి ఫోటోల్లో సగం మసక మన వేలి వల్లే వస్తుంది.

ఇక్కడో తప్పు చేశాను. ఈ కెమెరాల్లో పువ్వు గుర్తు ఉంటుంది, దగ్గరివి తీయడానికి. అది నొక్కి, జూమ్ ఏమీ లేకుండా, బిళ్లకు రెండు వేళ్ల దూరంలో పెట్టాను. ఫోకస్ బాగానే కుదిరింది కానీ లెన్స్ బిళ్ల మీద మూత పెట్టినట్టయింది, వెలుగు వెళ్లే దారే లేదు, పైగా గుండ్రటి రూపాయి నడుమ ఉబ్బిన పూరీలా వచ్చింది. దూరం జరగాలి, జూమ్ చేయాలి. అలా చేస్తే లెన్స్‌కూ బిళ్లకూ మధ్య జానెడు ఖాళీ దొరుకుతుంది, దీపం పెట్టుకోవడానికి.

జానెడు ఎత్తులో కెమెరాను నేలచూపు చూస్తూ కదలకుండా ఎవరు పట్టుకుంటారు? ట్రైపాడ్ కొనాలంటే మా ఆయన "బిళ్ల ఖరీదెంత, దాని ఫోటో ఖరీదెంత" అని మొదలుపెడతారు. రెండో రాత్రి పుస్తకాల దొంతర మీద కెమెరా సగం బయటికి పెట్టి, వెనక రుబ్బురోటి పొత్రం బరువు పెట్టాను. నిలబడింది, కానీ కెమెరా ముక్కు కిందికి వాలి చార్మినార్ పీసా గోపురమైంది. మూడో రాత్రి ఇల్లు ఊడుస్తూ ప్లాస్టిక్ స్టూలు ఎత్తితే, దాని నడుమ చెయ్యి పెట్టి ఎత్తడానికి ఉండే తూటులో వేలు ఇరుక్కుంది. అప్పుడు తట్టింది.

కెమెరాను స్టూలు మీద బోర్లా పెట్టి, లెన్స్‌ను ఆ తూటులోంచి కిందికి దించాను. కాస్త ఇరుకైంది, చాకు వేడి చేసి అంచు కొద్దిగా కోశాను (అత్తమ్మ చూడలేదు). కెమెరా వెనక స్క్రీను పైకి, మన ముఖానికి ఎదురుగా ఉంటుంది, వంగక్కర్లేదు. నాలుగు కాళ్లున్నాయి కాబట్టి కదలదు. అన్నిటికంటే మేలు, స్టూలు పైభాగం గొడుగులా అడ్డుండి ట్యూబులైటు మెరుపు బిళ్ల మీద పడనివ్వదు, కాళ్ల సందుల్లోంచి మనకు కావలసిన దీపం కావలసిన దిక్కు నుంచి పెట్టుకోవచ్చు. స్టూలు ఎత్తు మూరెడు. కెమెరాను దించలేం కాబట్టి బిళ్లనే పైకి లేపాను, కింద ఇంటర్ గైడ్లు నాలుగు పేర్చి. జూమ్‌కు సరిపడా దూరం ఎంతో ఎవరూ చెప్పరు, ఒక్కో గైడు తీస్తూ, పెడుతూ, ఎక్కడ ఫోకస్ పచ్చ గడి వెలిగిందో అక్కడ ఆగాలి.

బిళ్లను నేరుగా పుస్తకం మీద పెట్టొద్దు. ఒక సీసా మూత, బిళ్ల కంటే చిన్నది, దాని మీద బిళ్ల పెడితే గాలిలో తేలినట్టుంటుంది, నీడ కింద ఎక్కడో పడుతుంది, వెనక గుడ్డ నూలుపోగులు మసకలో కలిసిపోతాయి. నేను మొదట నల్ల జాకెట్టు ముక్క పరిచి, ఫోటో పెద్దది చేసి చూస్తే, అత్తమ్మ తెల్లవెంట్రుకతో సహా సమస్తం కనిపించింది.

ఇంకొకటి, బిళ్లా కెమెరా ఒకదానికొకటి సమంగా ఉన్నాయో లేదో కనిపెట్టే చిట్కా. పౌడరు డబ్బా మూతలో ఉండే చిన్న అద్దం తీసి బిళ్ల ఉండాల్సిన చోట పెట్టండి. స్క్రీనులో లెన్స్ ప్రతిబింబం కనిపిస్తుంది. అది సరిగ్గా నడిమధ్యలో ఉంటే కెమెరా నిటారుగా చూస్తున్నట్టు. పక్కకుంటే స్టూలు కాలి కింద అట్టముక్క పెట్టడమే. మా నేల షాబాద్ బండలది, ఎప్పటిదో, ఎక్కడా మట్టం లేదు. రెండు అట్టముక్కలు, ఒక పాత ఆధార్ జిరాక్స్ మడత పడ్డాయి. ఇది చేయకపోతే బిళ్లలో పై సగం స్పష్టంగా, కింది సగం మసకగా వస్తుంది, మనమేమో ఫోకస్‌ను తిట్టుకుంటాం.

ఇక వెలుగు. ఇక్కడే నాకు ఆరు రాత్రులు పోయాయి.

ఒక టేబుల్ ల్యాంపు, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. కాళ్ల సందులోంచి పెట్టి మొదటి ఫోటో తీసి చూస్తే, చార్మినార్ తిరగబడింది. తలకిందులు కాదు, ఉబ్బెత్తుగా ఉండాల్సింది లోపలికి గుంటపడి, తడి సిమెంటులో ఎవరో ముద్ర గుద్ది తీసేసినట్టుంది. బిళ్ల చేతిలోకి తీసుకుని తడిమితే ఉబ్బెత్తుగానే ఉంది. చాలాసేపు అర్థం కాలేదు. సంగతేంటంటే, దీపం బొమ్మకు కింది వైపు ఉంది. మన కంటికి పుట్టిన దగ్గర్నుంచీ వెలుగు పైనుంచే అలవాటు, సూర్యుడు పైనుంటాడు కదా, అందుకని నీడ పై అంచున పడితే కన్ను దాన్ని గుంట అని తీర్మానించేస్తుంది. దీపాన్ని బొమ్మ తల వైపుకి, గడియారంలో పదకొండు ఉండే చోటికి మార్చగానే మినార్లు లేచి నిలబడ్డాయి. బిళ్ల కదల్లేదు, కెమెరా కదల్లేదు.

అయితే ఒక్క దీపంతో మెరిసే చోట మరీ తెల్లగా, నీడ ఉన్న చోట మరీ నల్లగా వస్తుంది. దీపానికీ బిళ్లకూ నడుమ బేకరీలో కేకుల కింద వేసే బటర్ పేపర్ అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది. బల్బుకు ఆనించొద్దు, బెత్తెడు దూరం ఉండాలి, దీపం నుంచి ఎంత దూరం జరిపితే వెలుగు అంత వెడల్పవుతుంది. కానీ మెత్తదనం మరీ ఎక్కువైనా కష్టమే. ఐదో రాత్రి పెరుగు డబ్బా అడుగు కోసి బిళ్ల చుట్టూ గోడలా నిలబెట్టి, రెండు పక్కలా రెండు దీపాలు పెట్టాను. ఎక్కడా మెరుపు లేదు, నీడ లేదు, ఎంత హాయిగా ఉందో అనుకుని చూస్తే, మా వెండి రూపాయి స్టీలు గిన్నె అడుగులా ఉంది, జీవం లేదు. నాణెం ఫోటోకు కొంచెం మెరుపు ఉండాలి, కొంచెం నీడ ఉండాలి. చివరికి కుదిరింది ఇదీ: పదకొండు దగ్గర ఒక దీపం బటర్ పేపర్‌తో, రెండు దగ్గర దీపం బదులు ఊరికే ఒక తెల్ల అట్ట, అటువైపు నీడను కాస్త పలచన చేయడానికి.

దీపం ఎత్తు ఎంతుండాలన్నది బిళ్ల అరుగుదలను బట్టి మారుతుంది. కొత్త బిళ్లకు దీపం పైకి, లెన్స్ పక్కకు వీలైనంత దగ్గరగా. అరిగిన బిళ్లకు కిందికి, దాదాపు బిళ్లతో సమానంగా, ఏటవాలుగా. పొద్దుగూకేటప్పుడు దున్నిన చేను చూడండి, ప్రతి చాలూ విడివిడిగా కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం అదే చేను చదునుగా ఉంటుంది. ఆ లెక్కే ఇదీ. 2024లో ఫణిగిరిలో, ఒకప్పటి మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోది ఆ ఊరు, ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు చివర్లా సున్నాలున్న కూడిక గుర్తు. పేపర్లో వాటి ఫోటో చూసినప్పుడు ఈ నల్లటి సీసం మీద ఏనుగు ఎలా కనపడిందబ్బా అనుకున్నాను. ఇప్పుడైతే ఆ ఫోటో చూస్తే నేను ముందు నీడ ఎటు పడిందో వెతుకుతాను. (అన్నట్టు, పొలంలో కుండ దొరికితే ఫోటోల సంగతి తర్వాత, ముందు కలెక్టర్‌కు చెప్పాలి. దానికి చట్టం ఉంది.)

రంగు సంగతి చిన్నదే కానీ అందరూ తప్పేది ఇక్కడే. గదిలో ట్యూబులైటు, దీపంలో పసుపు రంగు బల్బు, కిటికీలోంచి తెల్లారుతున్న నీలం వెలుగు, మూడూ కలిస్తే వెండి ఒక పక్క పసుపు, ఇంకో పక్క నీలం. దాన్ని ఏ కంప్యూటరూ బాగుచేయలేదు. ఒక్క రకం దీపమే పెట్టి, మిగతావన్నీ ఆపి, తెల్ల కాగితం చూపించి కెమెరాకు తెలుపు నేర్పాలి. తర్వాత ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును ఎంత పెంచి చూడాలన్న అంకె, ఎంత తక్కువుంటే అంతకు, నాది 100. ఎఫ్ నంబరు, అంటే లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలన్న అంకె, ఇలాంటి చిన్న కెమెరాకు 4, 5.6 చాలు, పెద్ద డీఎస్ఎల్ఆర్ అయితే 8. ఇంకా పెంచితే స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది కానీ మొత్తం మీద పదును తగ్గుతుంది. నల్ల గుడ్డ మీద వెండి బిళ్ల పెడితే కెమెరా నలుపు చూసి చీకటనుకుని ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, బిళ్ల సున్నం కొట్టినట్టవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ మైనస్ వైపు రెండు గడులు జరపాలి. ఇవన్నీ పెట్టాక షట్టర్ వేగం సెకండులో ఎనిమిదో వంతుకు పడిపోయింది, అంతసేపూ ఏదీ కదలకూడదు. మా ఇల్లు రోడ్డు మీదే. లారీ పోతే కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఆ గలగల ఫోటోలో మసకగా దిగుతుంది. అందుకే రాత్రి పదకొండు దాటాక కూర్చునేదాన్ని, ఫ్యాన్ ఆపి, దోమలు కుడుతుంటే, లారీ లారీకీ మధ్య బటన్ నొక్కుతూ. మా ఆయన ఒకసారి మంచినీళ్లకు లేచి, చీకట్లో స్టూలు ముందు దీపం పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకున్నారు.

బిళ్ల ఫ్రేములో సగమే వచ్చింది, ఆ జూమ్‌కు అంతకంటే రాదు. ఫర్వాలేదు. రూపాయి అడ్డం దాదాపు 30 మిల్లీమీటర్లు, నా ఫోటోలో అది పదిహేడు వందల చుక్కలు పైన, అంటే మిల్లీమీటరుకు యాభై ఏడు. దర్వాజలో అక్షరం బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, దానికి ఈ చుక్కలు ధారాళం. ఇరవై మెగాపిక్సెళ్లా, యాభయ్యా అని కొట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఏడో రాత్రి దీపాన్ని బాగా కిందికి దించి తీసినప్పుడు అనుకోనిది బయటపడింది. చార్మినార్ చుట్టూ ఖాళీ జాగాలో సన్నటి గీతలు, వందల కొద్దీ, ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతూ, చీపురుతో ఊడ్చిన వాకిలి మీద పుల్లల చారల్లాగా. కంటికి ఎప్పుడూ కనిపించలేదు, చేతిలో బిళ్ల తళతళలాడుతూనే ఉంటుంది. పొద్దున లేచి అత్తమ్మను అడిగాను, ఇవి ఎప్పుడైనా తోమారా అని.

"తోమక? ఏటేటా దీపావళికి చింతపండు, బూడిద పెట్టి తోముత. నా పెండ్లైన కాడి నుంచి. మా అత్త నేర్పిచ్చింది." గర్వంగా చెప్పింది. "గట్ల తోమితెనే గదా మెరిసేది."

అరవై ఏళ్ల చింతపండు. చింతపండు పులుపు వెండి పైపొరను తింటుంది, బూడిదలో ఇసుక రేణువులు గీతలు పెడతాయి, ప్రతి తోముడుకూ అక్షరాల అంచు కొంచెం పోతుంది. నాణేలు దాచేవాళ్లు పాత వెండి మీద పట్టే ఆ నలుపునే ఇష్టపడతారు, అది ఉంటే ముట్టలేదని గుర్తు. తోమిన బిళ్లకు విలువ పడిపోతుంది. ఇదంతా అత్తమ్మకు ఎలా చెప్పాలి? ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది. "ఇవన్ని నా చేతి గీతలేనా" అంది. "మా అత్తవి గూడ ఉంటయిలే సగం" అని తనే సర్దుకుంది. బిళ్లలు మళ్లీ సంచిలో వేస్తూ మరి వచ్చే దీపావళికి ఏం పెట్టి కడగాలంది. ఏమీ పెట్టొద్దు, ఆర్వో నీళ్లలో ముంచి, రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్దితే చాలన్నాను. నమ్మలేదు.

కుంకుమ సంగతి వేరే. దర్వాజ సందులో గట్టిపడి కూర్చుంది, మామయ్య అడిగిన అక్షరం దాని కిందే ఉంది. టూత్‌పిక్‌తో గోకాలని చెయ్యి ఊగింది, ఆపుకున్నాను. మా బిడ్డ కాలేజీ ల్యాబులో అడిగి తెలుసుకుని వస్తే, శుద్ధమైన అసిటోన్ కొద్దిగా గాజు గిన్నెలో పోసి, పొయ్యికి దూరంగా, వరండాలో గాలి ఆడే చోట పెట్టి బిళ్ల అందులో వేశాం. గోళ్ల రంగు తుడిచే సీసా వాడొద్దు, అందులో నూనె, రంగు, వాసన అన్నీ కలుపుతారు. అసిటోన్ జిడ్డును కరిగిస్తుంది, వెండిని ఏమీ చేయదు. దీపం నూనెతో కలిసి బంకలా పట్టిన కుంకుమ అరగంటకు వదులై, నీళ్లలో ముంచితే పొడిలా రాలింది. బిళ్లను ఎప్పుడూ అంచులు పట్టుకుని ఎత్తాలి, కింద మడిచిన టవల్ ఉండాలి. ఇది నాకు ముందు తెలియదు, ఒకటి షాబాద్ బండ మీద పడి ఖంగుమంది. ఆ శబ్దం వినగానే లోపలి గదిలోంచి మామయ్య "అసలు వెండే" అన్నారు.

ఈలోగా మా బిడ్డకు సరదా పుట్టింది. తన హుండీలోంచి తళతళలాడే కొత్త రూపాయి తెచ్చింది, సంవత్సరం కింద నక్షత్రం ఉన్నది, అంటే హైదరాబాద్ టంకశాలలో కొట్టింది. కొత్త బిళ్ల నిజంగానే అద్దం, పక్క నుంచి ఎంత వెలుగేసినా చదును భాగం నల్లగా వస్తుంది. దానికో ఉపాయం ఉంది. లెన్స్‌కూ బిళ్లకూ నడుమ ఒక గాజు పలకను నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టాలి. దీపం పక్క నుంచి, బల్లకు సమాంతరంగా వేస్తే, అందులో కొద్ది భాగం గాజుకు తగిలి నిట్టనిలువునా బిళ్ల మీదికి దిగుతుంది, బిళ్ల దాన్ని మళ్లీ నిలువునా పైకి కొడుతుంది, కెమెరా ఆ గాజులోంచే చూస్తుంది. మిగతా వెలుగు గాజు దాటి అవతలికి పోతుంది కాబట్టి అక్కడ నల్ల గుడ్డ కట్టాలి, ఫోటోకు ఎక్కువసేపు పడుతుంది. గాజు పలచగా ఉండాలి, మందమైతే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. పలచటి గాజు ఇంట్లో మా పెళ్లి ఫోటో ఫ్రేముకు మాత్రమే ఉంది. తీశాం. రూపాయి అద్భుతంగా వచ్చింది, ఫ్రేము వెనక మేకులు మాత్రం మళ్లీ సరిగ్గా పట్టలేదు, ఇప్పుడు గోడ మీద మేమిద్దరం కొంచెం పక్కకు వాలి ఉన్నాం.

ఫోటోలు బాగా రావడం చూసి మా మరిది వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు, పాత బిళ్లల ఫోటో పెడితే లక్షలిస్తారట. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామని డబ్బు లాగుతున్నారు జాగ్రత్త అని 2021లో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. అది వాడికి పంపాను. బజార్లో మాకు తెలిసిన అవుసులాయన దగ్గర బిళ్లను తూకం వేయించాను, పదకొండు గ్రాములకు కాస్త పైన వచ్చింది. హాలీ రూపాయి కొట్టినప్పటి తూకం 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. కల్దార్ రూపాయి, అదే ఇంగ్లీషువాళ్లది, 11.66. చింతపండు ఎంత తిన్నదో కానీ మరీ ఎక్కువేం తినలేదు.

తొమ్మిదో రాత్రి, కుంకుమ పోయిన బిళ్లతో, దీపం పదకొండు దగ్గర కాస్త కిందికి, దర్వాజ కమాను నీడ అక్షరం మీద పడకుండా వెంట్రుకవాసి పక్కకు జరిపి, పన్నెండు ఫోటోలు తీశాను. తెల్లారి పెన్‌డ్రైవులో వేసి టీవీకి పెట్టాను. మామయ్యకు టీవీ ముందు కుర్చీ వేస్తే, ఇంకా ముందుకు జరపమని, స్క్రీనుకు మూరెడు దూరంలో కూర్చున్నారు. నలభై మూడు అంగుళాల చార్మినార్.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలు ఎత్తి, చార్మినార్ పైన ఒక చోట చూపించారు. "గిది తొంభై రెండు. మా సార్ చెప్తుండె. మీమ్‌కు నలభై, హేకు ఎనిమిది, మళ్ల మీమ్ నలభై, దాల్ నాలుగు. కూడు." కూడాను, తొంభై రెండే. అరబీ అక్షరాల్లో ఒక్కోదానికీ ఒక అంకె విలువ ఉంటుందట, ముహమ్మద్ అన్న పేరు అంకెల్లో రాస్తే అంతవుతుందట. నాకు అవి ఏవో చుక్కలనిపించాయి తొమ్మిది రాత్రులూ. చుట్టూ ఉన్న అక్షరాలు కుడి నుంచి ఎడమకు వేలితో గాలిలో రాసుకుంటూ పోయారు, నిజాం ఉల్ ముల్క్, ఆసఫ్ జా, బహదూర్. అంకెల దగ్గర ఆగి, పదమూడు వందల ఇరవై ఐదు అన్నారు. ముస్లింల హిజ్రీ సంవత్సరం 1325, అంటే 1907లోనో 1908లోనో కొట్టింది. అప్పటికే పంచాయితీ తేలిపోయింది, మహబూబ్ 1911 దాకా ఉన్నాడు కదా. కానీ ఆయనకు అక్షరం కావాలి.

దర్వాజ దగ్గరికి జూమ్ చేశాను. చిన్న గుండు, దానికి కిందికి వాలిన తోక.

"మీమ్," అన్నారు. తర్వాత వంటింటి దిక్కు తిరిగి, గట్టిగా, "మీమే!" అన్నారు.

వంటింట్లోంచి అత్తమ్మ, "ఒక్కటి జూసి చెప్తరా, ఇంక పది ఉన్నయి గదా" అంది.

మామయ్య నా వైపు చూశారు. దీని వెనక వైపు ఏదమ్మా, ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్, శుభమైన పునాది ఉన్న హైదరాబాద్ అని ఉండాలి, అది చూపియ్యి అన్నారు. వెనక వైపు తీయలేదు నేను. చార్మినార్ ధ్యాసలో బిళ్లను బోర్లించాలన్న సంగతే మర్చిపోయాను. స్టూలు అప్పటికే బాత్రూంలోకి పోయింది. తెచ్చి కడిగి ఆరబెట్టాను, సెల్లులు ఛార్జింగ్‌కు పెట్టాను, ఇవాళ రాత్రి లారీలు తగ్గాక మళ్లీ కూర్చోవాలి.